ఎర్ర కూపే కిటికీ, నా పన్నెండొందలు

అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి మన షాపులో ఒకటి మారుతోంది. డోర్ కరెంటు పనికి, అంటే పవర్ విండోలు, సెంట్రల్ లాక్, మిర్రర్ మోటర్లు ఇలాంటివాటికి, లోపం ఎక్కడుందో వెతికి చెప్పినందుకు విడిగా 1200 రూపాయలు తీసుకుంటాను. పని నా దగ్గరే చేయించుకున్నా ఆ డబ్బు బిల్లులో తగ్గించను. కారణం చెప్పకుండా బోర్డు మార్చేస్తే మీలో సగం మంది "వీడికీ కొవ్వెక్కిందిరా" అనుకుంటారు, మిగతా సగం పైకే అంటారు, అందుకని జరిగింది నేనే చెప్పేస్తున్నా. జరిగినదాంట్లో తప్పు ఎక్కువ భాగం నాదే.

షాపు ముందు టార్పాలిన్ కింద 19 రోజులు ఓ ఎర్ర కూపే ఉంది కదా, చాలామంది అడిగారు "ఇంకా ఇక్కడే ఉందేంటి" అని, నేను "పార్ట్ రావాలి సార్" అని తప్పించుకున్నాను. ఓనర్ గారు బండి పేరు కూడా రాయొద్దన్నారు కాబట్టి జర్మన్ బండి, రెండు డోర్లు, 11 ఏళ్లది అని మాత్రం చెప్తా. 

ఈ రకం స్పోర్ట్స్ బళ్లకి డోర్ అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు, ఆడి టీటీ అయినా మస్టాంగ్ అయినా బీఎండబ్ల్యూ జెడ్4 అయినా అంతే. హ్యాండిల్ లాగగానే అద్దం ఓ సెంటీమీటరు దాకా కిందికి దిగుతుంది, డోర్ పడ్డాక మళ్లీ పైకెళ్లి బీడింగ్ రబ్బరులోకి దూరి కూర్చుంటుంది. డోర్ తీస్తున్నారన్న సంగతి హ్యాండిల్ దగ్గరో లాక్ లోపలో ఉండే మైక్రోస్విచ్ చెప్తుంది, మాడ్యూల్, అంటే ఆ డోర్ పనులు చూసే చిన్న కంప్యూటర్, విని మోటర్ని తిప్పుతుంది. మామూలు కారుకి విండో పనిచేయకపోతే ఉక్కపోత, టోల్ గేట్ దగ్గర డోర్ తీసి డబ్బులివ్వడం, అంతే కష్టం. దీనికలా కాదు, విండో పోతే డోర్ కూడా సరిగ్గా పడదు, గట్టిగా కొడితే అద్దం అంచు వెళ్లి రబ్బరుని కోస్తుంది, వాన పడితే నీళ్లు నేరుగా సీటు మీదకే.

బండి తెచ్చింది ఓనర్ గారి భార్య. డ్రైవర్ వైపు అద్దం ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది, ఒక్కోసారి పైదాకా వెళ్లి దానంతటదే మళ్లీ దిగిపోతోంది అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, "డోర్ తీసి ఉంటే బానే పనిచేస్తుందండీ, వేసుకుని కూర్చుంటేనే ఈ గోల". నేను తల ఊపాను. ఊపి, జాబ్ కార్డు మీద "డ్రైవర్ విండో స్లో" అని మూడు ముక్కలు రాసుకున్నాను. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది, పారేద్దామంటే చెయ్యి రావట్లేదు.

డోర్ ప్యాడ్ విప్పాం, మోటర్ కప్లర్, అంటే వైర్లు తగిలే ప్లగ్గు, పీకి మీటర్ పెట్టాను, 12.4 వోల్టులు చూపించింది. బండి కంప్యూటర్లోని లోపాలు చదివే స్కానర్ పెడితే డ్రైవర్ విండో మోటర్ అని వచ్చింది. కరెంటు వస్తోంది, మోటర్ లాగట్లేదు, అంటే మోటరే పోయింది. ఇదీ నేను చేసిన పరీక్ష. పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు, "మేం ఊరికే పార్టులు మార్చం" అని షాపు గోడ మీద పెయింట్ చేయించుకున్నవాడు చేసిన పరీక్ష. స్కానర్ ఏ డోర్లో గొడవుందో చెప్తుంది గానీ ఏ వైరు తెగిందో చెప్పదు, ఇది నేనే మా కుర్రాళ్లకి వందసార్లు చెప్పుంటా.

మోటర్ కోసం ఎప్పుడూ తెప్పించే ట్రేడర్‌కే ఫోన్ చేశాను. ఈయన గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి, ఎందుకంటే ఇది ఇంకా నాకు లోపల మండుతోంది. ఎనిమిదేళ్ల నుంచి ఈయన దగ్గరే కొంటున్నా. పార్ట్ చూడకుండానే డబ్బు వేసేవాణ్ని, లాక్‌డౌన్‌లో ఆయనకి ఇబ్బందిగా ఉందంటే రాని పార్టులకి కూడా ముందే వేశాను, ఆయన కూతురి పెళ్లికి రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లొచ్చాను. "కంపెనీది, కొత్తది, సీల్డ్ బాక్స్ తమ్ముడూ" అన్నాడు, 18,500. నాలుగు రోజులకి వచ్చింది, బిగించాం, పదిసార్లు పైకీ కిందికీ ఆడించాం, బ్రహ్మాండంగా తిరిగింది. బిగింపుతో కలిపి 22,000 తీసుకుని బండి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే బండి మళ్లీ షాపు ముందు. అదే జబ్బు.

అప్పుడు ఆ కొత్త మోటర్ని విప్పి దగ్గరగా చూశాను. కప్లర్ పిన్నుల మీద గీతలున్నాయి, ఎన్నోసార్లు పెట్టి పీకినట్టు. స్క్రూ తలల మీద కోటింగ్ లేచిపోయి ఉంది. గేరు మీద తెల్లటి కొత్త గ్రీజు, గోటితో గీరితే దాని కింద నల్లగా పాత గ్రీజు. మూత తీస్తే కార్బన్ బ్రష్‌లు సగానికి అరిగిపోయి ఉన్నాయి. ఏదో యాక్సిడెంట్ బండిలోంచి పీకిన మోటర్ని కడిగి తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి, కొత్త టేపు వేసి నాకు పంపాడు. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి రిటర్న్ లేదు తమ్ముడూ, నీకు తెలీనిదేముంది". నేను అడిగింది రిటర్న్ కాదు, ఎందుకు చేశావన్నా అని. దానికి జవాబు లేదు. రెండు రోజుల తర్వాత 9000 పంపాడు, నేను వెనక్కి పంపేశాను. మా ఆవిడ "అదన్నా ఉంచుకోవాల్సింది కదా, అంత పౌరుషం ఎందుకు" అని తిట్టింది. తిట్టనీ.

కానీ ఆ పాత మోటర్ చేసిన అసలు నష్టం డబ్బు కాదు. దాన్ని చూడగానే నాకు దొంగ దొరికిపోయాడు. దొంగ దొరికాక ఇంక ఇల్లంతా ఎవడు వెతుకుతాడు? అన్ని తిట్లూ ట్రేడర్‌ని తిట్టుకుని, నేరుగా డీలర్ దగ్గర 31,000 పెట్టి ఇంకో మోటర్ తెప్పించి, బిగించి, మళ్లీ పదిసార్లు ఆడించి, సంతోషపడి, డోర్ వేసి బండి బయటికి తీశాను. అద్దం సగంలో ఆగింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదు నేను.

తర్వాత కనిపెట్టింది నేను కాదు, మా చిన్న కుర్రాడు. ఓ సాయంత్రం పెద్ద వాన, వాడు తడవకుండా ఆ బండిలోకి దూరి డోర్ వేసుకుని, ఊరికే స్విచ్ నొక్కుతూ కూర్చున్నాడు. కదల్లేదు. డోర్ కొంచెం తీసి నొక్కాడు, పాకింది. మళ్లీ వేశాడు, ఆగింది. వానలోనే పరిగెత్తుకొచ్చి "అన్నా, డోర్ వేస్తే చచ్చిపోతోంది, తీస్తే బతుకుతోంది" అన్నాడు. మేడం గారు మొదటి రోజు చెప్పింది అచ్చం ఇదే కదా. మేం షాపులో టెస్ట్ చేసినప్పుడల్లా డోర్ బార్లా తెరిచే ఉంది, ప్యాడ్ విప్పి పనిచేసేటప్పుడు ఎవరైనా డోర్ మూసుకుని చేస్తారా?

బాడీకీ డోర్‌కీ మధ్య హింజ్ దగ్గర రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే డోర్లోకి వెళ్తాయి. డోర్ తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతాయి, 11 ఏళ్లలో ఎన్ని వేలసార్లో లెక్కేసుకోండి. రబ్బరు వెనక్కి లాగి చూస్తే లావు బ్రౌన్ వైరు, జర్మన్ బళ్లలో బ్రౌన్ అంటే ఎర్త్, పైన తొడుగు చెక్కుచెదరలేదు. వేళ్లతో వంచితే ఒకచోట మాత్రం ఎముక లేని వేలులా మడత పడింది. తొడుగు చీలిస్తే లోపల పచ్చగా చిలుం పట్టిన పొడి, రాగి పోగులు మూడో నాలుగో మిగిలున్నాయి. డోర్ తీసినప్పుడు తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి, వేస్తే విడిపోతున్నాయి.

మరి మీటర్ 12.4 ఎందుకు చూపించింది? డోర్ తెరిచి ఉండటం ఒకటి, అది కాకపోయినా మిగిలిన ఆ మూడు పోగులు చాలు మీటర్ని నమ్మించడానికి. మీ ఇంటి కుళాయి పైపులో చెత్త అడ్డుపడిందనుకోండి, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పి బకెట్ పెడితే సన్నటి ధార వస్తుంది. మీటర్ కరెంటు తాగదు, మోటర్ తాగుతుంది. అందుకే లోడ్ పెట్టి చూడాలి. మోటర్ బదులు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించి డోర్ వేశాను, బల్బు ఎర్రగా మినుకుమంది, మీటర్ 7 దగ్గరికి పడింది. అయిదు నిమిషాల పని. మొదటి రోజే చేయాల్సింది.

అద్దం పైకెళ్లి దిగిపోవడానికీ కారణం ఇదే. మోటర్లో ఓ సెన్సర్ తిరుగుళ్లు లెక్కపెడుతుంటుంది, వేగం పడిపోతే ఎవరి చెయ్యో ఇరుక్కుందని మాడ్యూల్ అద్దాన్ని కిందికి దించేస్తుంది. ఎర్త్ సరిగ్గా అందక మోటర్ నీరసంగా తిరిగింది, మాడ్యూల్ చెయ్యి ఇరుక్కుందనుకుంది. దాని డ్యూటీ అది చేసింది, చేయనిది నేనే.

వంపు లేని చోటి నుంచి కొత్త వైరు వేశాం, సన్నపోగుల మెత్తటి వైరు, జాయింట్లు రబ్బరు గొట్టానికి బయట, క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కి. వంగే చోట సోల్డర్ పెడితే ఆ పక్కనే గట్టిపడి మళ్లీ విరుగుతుంది. మొదట్లో మేం పీకేసిన ఆ బండి సొంత మోటర్ని స్క్రాప్ డబ్బాలోంచి ఏరి బ్యాటరీకి డైరెక్ట్‌గా ఇస్తే గిర్రున తిరిగింది, ఇప్పుడు అదే ఆ డోర్లో ఉంది. అద్దం ఎక్కడిదాకా వెళ్లి ఆగాలో మాడ్యూల్‌కి మళ్లీ నేర్పించి, ఓఆర్ఆర్ మీద తోలి గాలి చప్పుడు లేదని చూసి ఇచ్చాం. 22,000 వెనక్కి వేశాను, వైరు పనికి ఓనర్ గారు ఇస్తానన్నా తీసుకోలేదు. రెండు మోటర్లకీ కలిపి 49,500 నాకు చేతి చమురు. జాలి పడమని కాదు, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే లెక్క చెప్తున్నా.

ఇప్పుడు ఆ పన్నెండొందల సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి గారు "చూసినందుకు డాక్టరు తీసుకుంటాడు డబ్బు, మనం చేసినందుకు తీసుకుంటాం" అనేవారు. పదిహేడేళ్లు అదే పట్టుకున్నా. బానెట్ ఎత్తి చూసినందుకు ఒక్కరి దగ్గరా రూపాయి తీసుకోలేదు, అదో గొప్పగా కూడా చెప్పుకునేవాణ్ని. ఈ గొడవయ్యాక నాలుగైదు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను ఉచితంగా చూస్తున్నా అనుకున్నానే గానీ ఆ టైముకి డబ్బు ఎక్కణ్నుంచో రావాలిగా, పార్టు మీద మిగిలే దాంట్లోంచే వస్తోంది. ఆ కూపేకి గంటన్నర కూర్చుని వైరు వెతికితే నాకు వచ్చేది వైరు ముక్క డబ్బు, మోటర్ మారిస్తే 3500. కావాలని మోసం చేయలేదు, ఒట్టు, కానీ కళ్లు ముందు మోటర్ వైపే పోయాయి, ఎందుకు పోయాయో నాకే అనుమానంగా ఉంది. బిల్లులో తగ్గించనని అంటున్నదీ అందుకే. పని చేయించుకుంటే మాఫీ అని పెడితే మళ్లీ నాకు పని పుట్టాలి, మళ్లీ మోటరే కనిపిస్తుంది. మేస్త్రి గారికి ఫోన్ చేసి చెప్పాను, "నీ షాపు నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థం ఆయన దగ్గర పనిచేసినవాళ్లకి తెలుసు. అయినా మార్చను.

లోపం దొరక్కపోతే పన్నెండొందలూ ఇవ్వక్కర్లేదు. దొరికితే ఎక్కడుందో చూపించి ఫోటో పంపిస్తాం, ఆ ఫోటో పట్టుకుని వేరే షాపులో చేయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు, ఉంది గానీ చెప్పను. పీకిన పాత పార్ట్ మీ చేతికే ఇస్తాం. బండి ఇచ్చేముందు మీరు లోపల కూర్చుని, డోర్ వేసుకుని, మీరే స్విచ్ నొక్కి చూడాలి. మీరు చెప్పింది చెప్పినట్టు జాబ్ కార్డు మీద రాస్తాం, నా మాటల్లోకి మార్చకుండా. గోడ మీద రాత ఉంటుంది, చెరిపేయమన్నారు కొందరు, చెరపను.

ఒక్క పని మిగిలింది. ఆ ట్రేడర్ పంపిన మోటర్లు గత ఏడాదిలో ఇంకో మూడు బళ్లకి వేశాను. ముగ్గురికీ ఫోన్ చేశా, ఉచితంగా విప్పి చూస్తాం, పాతదని తేలితే డబ్బు వెనక్కి. ఇద్దరు వచ్చారు, ఒకటి బానే ఉంది, రెండోది మార్చాం. వెండి రంగు రోడ్‌స్టర్ సార్, మీ నంబరు మారినట్టుంది, ఫోన్ కలవట్లేదు. ఇది చదివితే ఏ రోజైనా వచ్చేయండి, ముందు చెప్పక్కర్లేదు, ఆదివారం ఒక్కటీ మధ్యాహ్నం దాకే ఉంటాను.