హెచ్‌ఐవీ వైద్యులకు స్థిరమైన కొలువులు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. వైద్య విద్యలో పీజీ ప్రవేశాల సమయం వచ్చినప్పుడల్లా ఏ విభాగానికి ఎంత గిరాకీ ఉందో పత్రికలు విపులంగా రాస్తాయి. రేడియాలజీ, చర్మవ్యాధులు, జనరల్ మెడిసిన్ సీట్ల గురించి తల్లిదండ్రులు సైతం అనర్గళంగా మాట్లాడగలుగుతున్నారు. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న సుమారు 25 లక్షల మందిలో మూడు లక్షలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనాలు చెబుతున్నా, వారికి వైద్యం చేయడాన్ని జీవితకాల వృత్తిగా ఎంచుకోవచ్చన్న మాట మాత్రం ఆ చర్చల్లో ఎక్కడా వినిపించదు. మెడికల్ కళాశాలలో మైక్రోబయాలజీ బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఈ మౌనం చాలాకాలంగా బాధ కలిగిస్తోంది.

అటువంటి వృత్తి ఎంత గొప్పగా సాగగలదో చూపిన వైద్యురాలు మన పొరుగునే, చెన్నైలో ఉండేవారు. మద్రాసు మెడికల్ కళాశాలలో మైక్రోబయాలజీ ఆచార్యులుగా ఉన్న డాక్టర్ సునీతి సోలమన్, 1986లో తన విద్యార్థిని నిర్మలతో సెక్స్ వర్కర్ల రక్త నమూనాలను సేకరింపజేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించగా వాటిలో ఆరు హెచ్‌ఐవీ పాజిటివ్‌గా తేలాయి. అమెరికాలో మళ్లీ పరీక్ష జరిపినా అదే ఫలితం వచ్చింది. ఈ జబ్బు మన దేశానికి రాదన్న నమ్మకం అంతటితో చెదిరిపోయింది. ఒక పరిశోధన పత్రం ప్రచురించుకుని తన ప్రయోగశాలకే పరిమితమైపోయినా ఆమెను తప్పుపట్టేవారు ఎవరూ లేరు. కానీ ఆసుపత్రులు రోగులను గుమ్మంలోనుంచే తిప్పి పంపుతున్న రోజుల్లో ఆమె సూక్ష్మదర్శినిని పక్కనపెట్టి రోగుల దగ్గరకు నడిచారు. 1993లో తండ్రి పేరున వైఆర్‌జీ కేర్ సంస్థను స్థాపించి, పరీక్ష, కౌన్సెలింగ్, చికిత్స, పరిశోధన ఒకేచోట దొరికేలా చేశారు. పెళ్లి తప్ప మరే కారణమూ లేకుండా భర్త ద్వారా వైరస్ సోకిన గృహిణులు ఎంతమంది ఉన్నారో లోకానికి తెలియజెప్పినవారిలో ఆమె ముందు వరుసలో ఉన్నారు. హెచ్‌ఐవీ ఉన్న యువతీ యువకులకు సంబంధాలు కుదిర్చి పెళ్లిళ్లు కూడా చేయించారు. నా దృష్టిలో ఆమె సాధించినవాటిలో ఇది చిన్నదేమీ కాదు. చికిత్స తీసుకుంటున్న వ్యక్తి నుంచి జీవిత భాగస్వామికి వైరస్ సోకే అవకాశం 96 శాతం తగ్గుతుందని 2011లో నిరూపించిన అంతర్జాతీయ అధ్యయనంలో 1,763 జంటలు పాల్గొనగా, దానికి చెన్నై కూడా ఒక కేంద్రంగా నిలిచింది. 2015లో కన్నుమూసిన ఆమెకు మరణానంతరం 2017లో పద్మశ్రీ ప్రకటించారు.

ఈ చరిత్రలో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఎ.వి.రామారావు, హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్ తయారీ పద్ధతిని రూపొందించి సిప్లా సంస్థకు అందించడం వల్ల ఆ మందు మన దేశంలోనే తయారైంది. ఏడాదికి పదివేల డాలర్లు దాటే మూడు మందుల చికిత్సను అదే సంస్థ 2001లో 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1న ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల చికిత్సను ఉచితంగా ప్రారంభించినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి.

అప్పుడు పాతికేళ్ల వయసులో మందులు మొదలుపెట్టినవారికి ఇప్పుడు యాభై దగ్గరపడుతోంది. వారికి బీపీ వస్తుంది, షుగర్ వస్తుంది, మూత్రపిండాలు బలహీనపడతాయి. హెచ్‌ఐవీ మందు టెనోఫోవిర్ వల్ల మూత్రపిండాలపైనా ఎముకలపైనా పడే ప్రభావాన్ని వైద్యుడు కనిపెట్టుకుని ఉండాలి. మరో హెచ్‌ఐవీ మందు డోల్యుటెగ్రావిర్ వాడుతున్న వ్యక్తికి షుగర్ కోసం మెట్‌ఫార్మిన్ ఇవ్వవలసివస్తే మోతాదు తగ్గించి ఇవ్వాలి. ఐరన్, కాల్షియం మాత్రలనూ ఎసిడిటీ మందులనూ ఏ వేళకు వేసుకోవాలో విడిగా చెప్పాలి. క్షయ సోకి దాని మందు రిఫాంపిసిన్ మొదలుపెట్టిన రోజు నుంచి డోల్యుటెగ్రావిర్ పూటకు ఒకటి చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. హెచ్‌ఐవీ ఉన్నవారి మరణాలకు నేటికీ క్షయే ప్రధాన కారణం కాబట్టి ఈ చివరి సంగతి తెలియని వైద్యుడి చేతిలో రోగికి ప్రమాదమే. ఇవన్నీ పుస్తకం చదివితే కొంతవరకు వస్తాయి. రోగి ఏ నెలలో మందులు మానేశాడు, ఎందుకు మానేశాడు, ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు అన్నవి మాత్రం ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చుని అదే మనిషిని చూసిన వైద్యుడికే తెలుస్తాయి.

ఆ కుర్చీలో మనిషి నిలవకపోవడమే నా ఆవేదన. ఏఆర్‌టీ కేంద్రాల్లో వైద్యాధికారులు కాంట్రాక్టు పద్ధతిలో, ఏకమొత్తం వేతనంపై పనిచేస్తారు. ముందుకు పదోన్నతి లేదు, వెనుక పింఛను భరోసా లేదు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఎంతో ఇష్టంగా అటువంటి కేంద్రంలో చేరి, తన రోగులను పేరుపేరునా గుర్తుపెట్టుకునే స్థాయికి వచ్చి కూడా, పిల్లల చదువులు మొదలయ్యేసరికి వేరే దారి చూసుకోక తప్పలేదు. ఆమెను నేను నిందించలేను. ఆమె వెళ్లిపోయాక రోగులు తమ రహస్యాన్ని మొదటినుంచి మరొక కొత్త ముఖానికి చెప్పుకోవలసివచ్చింది. వివక్షను నిషేధించి, గోప్యతకు హామీ ఇచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. రోగికి వైద్యుడిపై కుదిరే నమ్మకాన్ని మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు. అది కాలం మీద కుదరవలసిందే.

బోధనాసుపత్రులలోని ఏఆర్‌టీ కేంద్రాల్లో వైద్యుల పోస్టులను జనరల్ మెడిసిన్ విభాగంలో శాశ్వత పోస్టులుగా మార్చడం అసాధ్యం కాదు. ఇప్పటికే ఏళ్లుగా సేవలందిస్తున్నవారికి నియామకాల్లోనూ పీజీ ప్రవేశాల్లోనూ ఆ అనుభవానికి తగిన వెయిటేజీ ఇవ్వాలి. అంటువ్యాధుల వైద్యంలో డీఎం (పీజీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) కోర్సు దేశంలో కొద్ది సంస్థల్లోనే ఉన్నందున, మన ఆరోగ్య విశ్వవిద్యాలయాలు దానికి ప్రయత్నిస్తూనే, ఈలోగా హెచ్‌ఐవీ వైద్యంలో ఒక ఏడాది డిప్లొమానైనా ప్రారంభించాలి. హౌస్ సర్జన్లను కనీసం రెండు వారాలపాటు ఏఆర్‌టీ కేంద్రానికి పంపితే, ఈ రోగులను చూసి భయపడే వైద్యులు తగ్గి, ఈ వృత్తిని కోరుకునేవారు కొందరైనా తయారవుతారని నా అనుభవం మీద చెబుతున్నాను. రాబోయే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు కేటాయించవలసిందిగా రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకురాలు,
గుంటూరు