పాసివ్ రాడార్‌ను జామ్ చేయలేరన్నది సగమే నిజం

సంపాదకుడు గారికి,

పాసివ్ రాడార్‌ను జామ్ చేయడం, అంటే అడ్డు తరంగాలతో (నాయిస్‌తో) పనిచేయకుండా చేయడం, ఎవరి తరమూ కాదన్న మాట ఈమధ్య తరచూ చదువుతున్నాం. అందులో సగమే నిజం.

ఈ రాడార్ తనంతట తాను ఏ తరంగాన్నీ వదలదు. ఎఫ్‌ఎం స్టేషన్ ప్రసారం విమానానికి తగిలి తిరిగొస్తే అందుకుంటుంది. రిసీవర్ ఎక్కడుందో తెలియదు కాబట్టి జామర్ తన శక్తిని నలుదిక్కులా వెదజల్లాల్సిందే. పైగా 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా పరిచేస్తే, 100 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో స్టేషన్‌ మీద పడేది 200లో ఒక వంతే. నేరుగా అందిన ప్రసారంతో ప్రతిధ్వనిని ఒక సెకను పాటు పోల్చితే అది లక్ష రెట్లు, అంటే 50 డెసిబెల్స్, పైకి తేలుతుంది. జామర్ నాయిస్‌కు ఆ లాభం దక్కదు.

చిక్కంతా ఆ నేరు ప్రసారాన్ని పట్టే రెఫరెన్స్ యాంటెన్నా దగ్గరే. అందులోకి నాయిస్ చొరబడితే పోలికే చెడుతుంది. డిజిటల్ టీవీ అయితే సిగ్నల్‌ను డీకోడ్ చేసి, తప్పులు దిద్ది, మళ్లీ ప్రసార రూపంలోకి మార్చి శుభ్రమైన నకలు తయారు చేసుకోవచ్చు. ఎఫ్‌ఎంకు ఆ వెసులుబాటు లేదు. జామర్ దగ్గర్లో ఉంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీ నిండిపోయి అన్ని స్టేషన్లూ ఒకేసారి పోతాయి, తర్వాత ఎంత లెక్క కట్టినా తిరిగి రావు. ఏడీసీకి ముందే స్టేషన్‌కో ఫిల్టర్ పెట్టడం ఖర్చే అయినా తప్పదు. అసలు జామర్ లేకపోయినా, వార్తలు చదివే మనిషి ఊపిరి తీసుకునేంత సేపు ఎఫ్‌ఎం సిగ్నల్ సన్నబడి విమానం దూరం లెక్క అలుక్కుపోతుంది. పాట మొదలైతే మళ్లీ తేటపడుతుంది!

రిసీవర్లకు కచ్చితమైన టైమ్ ఇచ్చే జీపీఎస్‌ను జామ్ చేస్తే అంతా పోయినట్టే అనడం కూడా తొందరపాటు. ఎఫ్‌ఎం రిసీవర్ ప్రతిధ్వని ఆలస్యాన్ని తన దగ్గరే కొలుచుకుంటుంది. సెకనుకు 250 మీటర్లు వెళ్లే విమానానికి టైమ్‌లో 10 మిల్లీసెకన్ల తేడా వస్తే రెండున్నర మీటర్లే. చెక్ దేశపు వెరా లాంటి పాసివ్ నిఘా వ్యవస్థలు వేరు. విమానం వదిలే సిగ్నల్ దూరదూరంగా ఉన్న ఒక్కో రిసీవర్‌కు ఎప్పుడు చేరిందన్నదే వాటికి ఆధారం, 100 నానోసెకన్ల తప్పుకు దారి లెక్క 30 మీటర్లు మారుతుంది. అలాంటి చోట గడియారాలు జీపీఎస్ మీదే నడుస్తుంటే జీపీఎస్ లేకున్నా టైమ్ నిలుపుకునే రుబీడియం అణు గడియారం తోడు పెట్టాలి. దాని వేగంలో పదివేల కోట్లలో ఒక వంతు తేడా ఉన్నా దారి లెక్క గంటకు 11 మీటర్లు, రోజుకు 260 మీటర్లు జరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల పాసివ్ రాడార్ క్లైన్ హైడెల్‌బర్గ్, బ్రిటన్ తీరాన్ని కాచే చైన్ హోమ్ రాడార్ తరంగాలనే వాడుకుంది. దాన్ని జామ్ చేయాలంటే బ్రిటన్ తన రాడార్‌నే చెరుపుకోవాలి. మన ఎఫ్‌ఎం టవర్ విషయంలో శత్రువుకు ఆ మొహమాటం ఉండదు, జామర్ కూడా అక్కర్లేకుండా టవర్‌నే కూల్చేస్తాడు. అందుకే ఇలాంటి రాడార్ల కొనుగోలు టెండర్లలో, వేర్వేరు చోట్ల ఉన్న మూడు నాలుగు స్టేషన్లతో ఒకేసారి పనిచేయాలని, రెఫరెన్స్ యాంటెన్నాలోకి నాయిస్ పంపి పరీక్షించాలని రాయించాలి.

- ఒక పాఠకుడు, హైదరాబాద్