క్షమాభిక్ష అర్జీ రెండోసారి పెట్టుకోనివ్వండి: కేంద్ర హోంమంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంమంత్రి శ్రీ అమిత్ షా గారికి,

నమస్కారం. నేర విచారణ పద్ధతుల కోసం మీరు తెచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 472వ సెక్షన్‌ను సవరించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉరిశిక్ష పడ్డవాళ్ల క్షమాభిక్ష అర్జీల సెక్షన్ అది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నా అభ్యంతరం అర్థం కావాలంటే చిలకలూరిపేట బస్సు దహనం కేసు దగ్గర మొదలుపెట్టాలి.

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సును ఇద్దరు దోచుకోబోయారు. ప్రయాణికులను బెదిరించడానికి పెట్రోలు చల్లారు, చివరికి నిప్పంటించారు. నిద్రమత్తులో ఉన్న జనం. 23 మంది ప్రాణాలు పోయాయి. మా ప్రాంతంలో ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. గుంటూరు కోర్టు 1995లో ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పెట్టేశారు.

వాళ్లు నేరం చేయలేదని ఎవరూ అనలేదు. వివాదమంతా శిక్ష మీదే. దోచుకోవడానికి ఎక్కినవాళ్లా, చంపడానికే ఎక్కినవాళ్లా? ఇద్దరూ పేద దళిత యువకులు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకైతే ఇదే శిక్ష పడేదా అని పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు అడిగారు. సంతకాలు సేకరించారు, సభలు పెట్టారు. ఒకసారి తిరస్కరించాక కూడా మళ్లీ రాష్ట్రపతికి అర్జీలు వెళ్లాయి. ఆఖరి ఘడియలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా 1998లో ఉరి యావజ్జీవంగా మారింది.

ఇప్పుడు మీ సెక్షన్ తెరిచి చూడండి. అర్జీ పెట్టాల్సింది శిక్ష పడ్డ మనిషి, లేదా అతని వారసుడు, బంధువు. అదీ అంతకుముందు పెట్టుకోకపోతేనే, అప్పీలు కొట్టేశారని జైలు సూపరింటెండెంట్ చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపే. సంఘాల మాట లేదు, రెండో అర్జీ మాట అసలే లేదు. ఈ సెక్షన్ 1997లో ఉండి ఉంటే ఆ ఇద్దరి గతి ఏమయ్యేదో మీరే చెప్పండి.

రెండోసారి అడగవచ్చన్న మాట ఊరికే రాలేదు సార్. అది కూడా ఒక తెలుగు కేసులోంచే వచ్చింది. ఆదిలాబాద్ రైతు పోరాటంలో భూస్వాముల హత్య కేసుల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఉరిశిక్ష పడింది. వాళ్లను ఉరితీయొద్దని దేశమంతా విజ్ఞప్తులు వెళ్లాయి. వాళ్ల కేసులోనే జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాస్తూ, ఒక అర్జీని తిరస్కరించినంత మాత్రాన రాష్ట్రపతి అధికారం అయిపోయినట్టు కాదని స్పష్టం చేశారు. ఆ మాట వాళ్లకు మాత్రం పనికిరాలేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు, అక్కడ గాంధీ ఆస్పత్రి ఉంది. ఎమర్జెన్సీ అకృత్యాల గురించి ఏటా జూన్‌లో మాట్లాడే ప్రభుత్వం మీది. ఆ రెండు ఉరులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని నేననుకుంటున్నాను.

పశ్చాత్తాపం లేనివాడికి క్షమ ఎందుకు, మూడో మనిషి వచ్చి అడగడమేమిటి అనే అర్థంలో 2023 డిసెంబరులో మీరు లోక్‌సభలో మాట్లాడారు. పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్ హత్య కేసులో ఉరిశిక్ష పడి, తానుగా క్షమ అడగనన్న బల్వంత్ సింగ్ రాజోవానా తరఫున సిక్కు గురుద్వారాల ప్రబంధక కమిటీ 2012లో పెట్టిన అర్జీ అప్పుడు మీ మనసులో ఉండి ఉంటుంది. ఆయన సంగతి వేరు. చదువురాని ఖైదీ సంగతి వేరు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉరిశిక్ష పడ్డవాళ్లలో నూటికి 74 మంది ఆర్థికంగా చితికిన కుటుంబాలవాళ్లే. జైల్లో కూర్చున్నవాడికి కాగితం రాసిపెట్టేదెవరు? ఇంటివాళ్లే ములాఖాత్‌కు రావడం మానేస్తే బంధువు ఎక్కడి నుంచి వస్తాడు? ఆ 30 రోజులూ టెన్షన్‌లో గడుస్తాయి తప్ప అర్జీ తయారవదు.

కోర్టులు పొరబడవా అంటే, మహారాష్ట్రలో ఆరుగురు సంచార జాతివాళ్ల కేసు చూడండి. 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసి, ఒక్కొక్కరికి 5 లక్షలు పరిహారం ఇవ్వమంది. ఆ మధ్యకాలంలో ఉరి తీసేసి ఉంటే ఆ డబ్బు ఎవరికిచ్చేవాళ్లం?

సెక్షన్‌లో మంచి లేదనను. ఒకే కేసులో ఉన్న దోషులు ఒకరి తర్వాత ఒకరు అర్జీలు పెట్టి కాలం గడపకుండా చేశారు, నిర్భయ కేసు అనుభవం చూశాక అది అవసరమే. రాష్ట్రపతి నిర్ణయాన్ని 48 గంటల్లో జైలుకు చెప్పాలన్నారు. కానీ ఇంటివాళ్లకు చెప్పాలని రాయలేదు. 2013లో అఫ్జల్ గురును ఉరితీశాక గానీ కశ్మీర్‌లో ఆయన ఇంటికి ఉత్తరం చేరలేదు. ఖైదీకి గడువు పెట్టారు, కేంద్రానికి పెట్టారు, రాష్ట్రపతి భవన్‌కు మాత్రం పెట్టలేదు.

ఇక ఏడో ఉపవిభాగం. రాష్ట్రపతి, గవర్నర్ నిర్ణయం ఎలా తీసుకున్నారని ఏ కోర్టూ అడగకూడదట. 2006లో కర్నూలు జిల్లాకు చెందిన ఒక కాంగ్రెస్ ఎమ్మెల్యే భర్తకు గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫైల్లో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని రాసి ఉంది! మీ సెక్షన్ ఉండి ఉంటే కోర్టు ఆ ఫైల్ ముట్టుకునేదే కాదు. అడ్డదారిలో ఇచ్చిన క్షమనైనా, అన్యాయంగా నిరాకరించిన క్షమనైనా నిలదీయడానికి ఉన్నది ఆ ఒక్క దారే.

అందుకని కోరుతున్నాను: ఖైదీ సమ్మతితో ఎవరైనా అర్జీ పెట్టవచ్చని చేర్చండి. కొత్త కారణం ఉంటే రెండో అర్జీ తీసుకోండి. నిర్ణయం కుటుంబానికి రాతపూర్వకంగా చేరాకే ఉరి తేదీ పెట్టాలని రాయండి. ఏడో ఉపవిభాగం తీసేయండి. రాష్ట్రపతికి క్షమాభిక్ష అధికారమిచ్చే రాజ్యాంగంలోని 72వ అధికరణం అలాగే ఉంది కదా అని మీ శాఖ జవాబు రాయవచ్చు. జైలు సూపరింటెండెంట్ బల్ల మీద ఉండేది మీ సెక్షనే కానీ రాజ్యాంగం కాదు. సవరణ బిల్లు వచ్చే సమావేశాల్లోనే పెట్టమని మనవి.

ఇట్లు,
గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పౌరుడు