దొంగతనం పథకం కింద ఇచ్చిన బదులు సైకిల్‌పై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: బదులు సైకిల్ మార్పిడి, బిల్లులో ఫ్రేము నంబరు సవరణ గురించి.

అయ్యా,

సైకిల్ దొంగలపాలైతే బదులు బండి ఇచ్చే మీ పథకం కింద నాకొచ్చిన బండి గురించి ఈ ఫిర్యాదు. నాది పోయింది 28×1½ అంగుళాల చక్రాల రోడ్‌స్టర్, అంటే బరువులు మోసే పాత తరహా పెద్ద సైకిల్. నిండు చైన్ కవర్, రెండు మడ్‌గార్డులు, వెనక క్యారియర్, డబుల్ స్టాండు ఉన్న బండి. దానికి బదులు మీ డీలరు అప్పగించింది 26×1.95 టైర్లు, స్ప్రింగ్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం), డిస్క్ బ్రేకులు ఉన్న కుర్రకారు బండి. అడిగితే ధర సమానమే కదా అన్నారు. పానగల్ నుంచి గడియారం సెంటరుకు పనికి పోయి, వచ్చేటప్పుడు బియ్యం సంచి వేసుకొచ్చే బండికి ధర ఒక్కటే కొలత కాదు.

అన్నిటికన్నా ముందు బిల్లు సంగతి. కొత్త బండికి ఇచ్చిన బిల్లులో పాత బండి ఫ్రేము నంబరే ఉంది. పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున కొట్టిన నంబరు వేరు. బిల్లులో ఉన్న నంబరు ఇప్పుడు పోలీసు రికార్డులో దొంగ సొత్తు. రేపు ఎవరైనా ఆపి కాగితాలు అడిగితే ఈ బండి నాదని చూపించలేను. ఇది కూడా పోతే మీ పథకమే నంబరు కలవలేదని క్లెయిము తిరగగొడుతుంది. డీలరు చేత్తో కొట్టేసి రాస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. కంప్యూటర్ బిల్లే కొత్తగా కావాలి, పాతది రద్దైనట్టు అందులో రాసి ఉండాలి.

ఇక బండి. ఎడమ పెడలుది ఉల్టా మర, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. అందుకే పెడళ్ల మీద ఎల్, ఆర్ అని కొట్టి ఉంటాయి. బిగించినవాడు చేత్తో మొదటి రెండు మూడు చుట్లు తిప్పి చూడకుండా నేరుగా స్పానర్ వేశాడు. పెడలు వంకరగా ఎక్కి క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) లోపలి మర కొట్టుకుపోయింది. క్రాంకు అల్యూమినియం, పెడలు ఇరుసు ఉక్కు, కాబట్టి నష్టపోయేది క్రాంకే. మళ్లీ బిగిస్తే ఆగదు, ఎడమ క్రాంకు మార్చాల్సిందే. ముందు ఫోర్కును కూడా వెనక్కి తిప్పి పెట్టారు. డిస్క్ బ్రేకు పట్టీ ఫోర్కు ఎడమ కాలుకు వెనకవైపు ఉండాల్సింది, కుడిపక్క ముందుకొచ్చింది. మలుపులో బూటు కొన టైరుకు తగులుతోంది. అట్టపెట్టెలోంచి తీసి బిగించే బండ్లలో ఇది కొత్త తప్పేమీ కాదు. అయినా డెలివరీకి ముందు తనిఖీ చేసినట్టు సంతకం పెట్టిన కాగితం జత చేశారు, దానికే ఎక్కువ కోపం వచ్చింది.

ఇవి సరిచేసినా బండి పనికి రాదు. వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బోల్టు కన్నాలు లేవు. సీటు రాడ్డుకు బిగించే క్యారియర్ పెట్టుకోమన్నారు. అది టిఫిన్ డబ్బాకు చాలు, బరువు పడితే పక్కకు తిరుగుతుంది. చైన్ కవర్ లేక ప్యాంటు అంచు గ్రీజు పాలవుతోంది. మా దారిలో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మస్తు, పంచరు మామూలే. 28×1½ ట్యూబు మండలంలో ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. దీని ట్యూబుకు మోటారు సైకిల్ రకం వాల్వు ఉంది, మామూలు సైకిల్ పంపు పట్టదు.

బండితో ఇచ్చిన తాళం సన్నని తీగ తాళం. ఒక్క కటింగ్ ప్లేయర్ దెబ్బకు తెగుతుంది. దొంగతనం పథకం అమ్మే కంపెనీ ఇవ్వాల్సింది గట్టి గొలుసు తాళం.

మీ ఫారంలో ఇంకో లోపం. ఎఫ్ఐఆర్ లేకుంటే క్లెయిము పరిశీలించబోమని రాశారు. భారతీయ న్యాయ సంహిత 303(2) కింద 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలు నాన్ కాగ్నిజబుల్‌గా, అంటే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టని నేరంగా చూపుతోంది. స్టేషన్‌లో రిజిస్టరులో రాసుకుని మెజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మంటారు. చవక బండి కొన్నవాళ్లు ఎఫ్ఐఆర్ ఎక్కడి నుంచి తెస్తారు? స్టేషన్ ఇచ్చిన రసీదునే తీసుకోవాలి.

నాకు కావలసింది ఇదీ: ఈ బండిని వెనక్కి తీసుకుని, 24 అంగుళాల ఫ్రేముతో 28×1½ రోడ్‌స్టర్ ఇవ్వాలి. క్యారియర్, స్టాండు, చైన్ కవర్, మడ్‌గార్డులు బిగించే ఇవ్వాలి, వాటికి వేరే డబ్బు అడగొద్దు. ఆ మోడల్ లేదంటే పోయిన బండి బిల్లు డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. క్రాంకు పాడైంది వాడకం వల్ల అనే మాట రాకుండా ఎడమ క్రాంకు, ఫోర్కు, ఫ్రేము నంబరు ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను.

లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వివాదాలన్నీ మీ హెడ్డాఫీసు ఊళ్లోనే అని బిల్లు వెనక అచ్చేశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

బండిని నేను తొక్కుకుంటూ షోరూముకు తీసుకురాను. ఎడమ పెడలు లేదు, మీ మనిషే వచ్చి తీసుకెళ్లాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు