సమీక్షలో స్టార్లు కాదు, కారణాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీ తెరవగానే మొదట కనిపించేది రెండున్నర స్టార్లు. కింద ముప్పావు వంతు కథే. ఆపైన నటీనటులు ‘పాత్ర పరిధి మేరకు’ నటించి ఉంటారు, ఎడిటింగ్‌కు ‘ఇంకాస్త పదును’ పెట్టాల్సి ఉంటుంది, నిర్మాణ విలువలు మాత్రం ఎప్పుడూ బాగుంటాయి. సినిమా పేరు మార్చి మరో వారం వేసినా ఎవరూ పట్టుకోలేరు.

అవి చదివినప్పుడల్లా నాకు అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ గుర్తొస్తారు. 1967 నుంచి 2013 ఏప్రిల్ 4న కన్నుమూసేదాకా ఆయన షికాగో సన్-టైమ్స్ ఒక్క పత్రికకే సినిమా విమర్శలు రాశారు. 1975లో అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి అయిన పులిట్జర్ అందుకున్నారు. ఒక సినిమా విమర్శకుడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. అయినా లోకానికి గుర్తున్నది బొటనవేలే. పోటీ పత్రిక విమర్శకుడు జీన్ సిస్కెల్‌తో టీవీలో కూర్చుని వాదించి, చివర్లో వేలు పైకో కిందికో చూపేవారు. ఈ స్టార్ల గోలలో ఆయన పాపమూ కొంత ఉందని నేనే ఒప్పుకుంటాను. కాకపోతే ఆ వేలు వెనక ఒక రాత ఉండేది. మనం వేలు తెచ్చుకుని రాత అక్కడే వదిలేశాం.

1986లో వచ్చిన ‘బ్లూ వెల్వెట్’ నాకు చాలా ఇష్టం. ఆయన దానికి నాలుగింటికి ఒక్క స్టార్ ఇచ్చారని తెలిసి కోపంగానే చదవడం మొదలుపెట్టాను. ఆయన అభ్యంతరం వేరు. నటి ఇసబెల్లా రొసెల్లినిని తెర మీద అంత అవమానానికి గురిచేసినప్పుడు అందుకు తగ్గ సినిమా తీయాల్సిన బాధ్యత దర్శకుడిది, ఆయనేమో పక్కనే తమాషాలు నడిపాడు అని. నా ఇష్టం పోలేదు. కానీ ఆ సన్నివేశాలను మళ్లీ అంత తేలిగ్గా చూడలేకపోయాను. నాకు విమర్శ అంటే ఇదే.

కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగే ఒక సదస్సులో ఏళ్ల తరబడి ఆయన ఇంకో పని చేసేవారు. ఒకే సినిమాను కొన్ని రోజుల పాటు జనంతో కలిసి చూడటం. చీకట్లో ఎవరైనా ‘ఆపండి’ అని కేకేయొచ్చు, పండితుడే కానక్కర్లేదు. బొమ్మ అక్కడ ఆగేది. ఈ మనిషి ఎడమ పక్కనే ఎందుకు నిలబడ్డాడు, వెలుగు ఎటునుంచి పడుతోంది, కెమెరా కింద నుంచి ఎందుకు చూస్తోంది అని మాట్లాడుకునేవారు. ఆ సంగతి తెలిశాక నేనూ ఇంట్లో ప్రయత్నించాను. మూడోసారి ఆపేసరికి రిమోట్ లాక్కున్నారు.

కేన్సర్ వల్ల 2006లో ఆయన మాట పోయింది, నోటితో తినడమూ తాగడమూ పోయాయి. రాత మాత్రం పెరిగింది. 2012 ఒక్క ఏడాదే 306 సమీక్షలు రాశారు. చనిపోవడానికి రెండు రోజుల ముందు, ఇక తగ్గించుకుంటానని, నచ్చిన సినిమాల గురించే రాస్తానని పాఠకులకు చెప్పారు. అన్నేళ్లు నచ్చనివీ చూసి, అవెందుకు నచ్చలేదో ఓపికగా చెప్పిన మనిషి ఆయన.

నేను అడిగేది చిన్న మార్పే. ఒక నెల పాటు స్టార్లు తీసేసి చూడండి. సమీక్షకుడి పేరు వేయండి. కథ నాలుగు వాక్యాల్లో ముగించి, ఏ సన్నివేశం తనను కదిలించిందో, ఏది ఎందుకు తేలిపోయిందో రాయమనండి. నాకు నచ్చిన సినిమాను చీల్చి చెండాడినా ఫిర్యాదు చేయను. స్థలం లేదంటారేమో, ఆ పేజీలో సగం పోస్టరే ఉంటోంది. దాన్ని కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు