కాలేజీ గ్రౌండులోనే బండి నేర్పించండి: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా, యువజన, క్రీడల శాఖ మంత్రి శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి, నెల్లూరు జిల్లా కావలి నుంచి ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ నమస్కరించి రాస్తున్న విన్నపం.

అయ్యా, లైసెన్సులిచ్చే శాఖా, కుర్రవాళ్ల బాగోగులు చూసే శాఖా రెండూ మీ దగ్గరే ఉన్నాయి. అందుకే ఇది మీరే చేయగల పని. ఇంటర్ చదివే పిలకాయలకు లైసెన్సు వయసు రాకముందే, కాలేజీ గ్రౌండులోనే, బండి నడపడం పద్ధతిగా నేర్పించే ఏర్పాటు చేయండి.

చట్టం మెత్తగా ఏమీ లేదు. 18 నిండకుండా గేర్ల బండి ముట్టకూడదు. 16 నిండినవాళ్లకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికే అనుమతి, ఆ బండి ఇప్పుడు షోరూముల్లో దొరకడమే కష్టం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంత ఉన్నా కాలేజీల బయట చెట్ల కింద బండ్లు బారులు తీరే ఉంటాయి. తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. స్త్రీ శక్తి పథకంతో ఆడపిల్లలకు టికెట్టు భారం తప్పింది, సంతోషమే. కానీ కాలేజీ వదిలే వేళకు ఊరికి బస్సే లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? బండి తాళాలు ఇస్తారు.

మరి ఆ పిల్లవాడికి నేర్పేదెవరు? అన్నో, స్నేహితుడో. చెరువు కట్ట మీద రెండు సాయంత్రాలు తిప్పి, క్లచ్ వదలడం, గేరు మార్చడం వస్తే నేర్చేసుకున్నాడు అంటారు. వాడు అటునుంచి అటే జాతీయ రహదారి 16 ఎక్కుతాడు. 18 నిండాక ఎల్ఎల్ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సుకు, కంప్యూటర్ మీద ప్రశ్నలు, నెల దాటాక ట్రాక్ మీద ఎనిమిది తిప్పడం, అంతే. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారుకు 29 గంటల కోర్సు ఖరారు చేశారు, అందులో 21 గంటలు స్టీరింగ్ పట్టుకునే ఉండాలి. రెండు చక్రాల బండికి మాత్రం ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవారు లేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 74,897 మంది ఈ బండ్ల మీదివాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లే 50 వేలు దాటారు.

నేర్పవలసినవి మా నేలకు తగినవి ఉండాలి. ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతావని ప్రతి ఇంట్లో చెబుతారు. నిజానికి ఆగే బలం ఎక్కువగా ముందు చక్రానిదే. రెండు బ్రేకులూ కలిపి, అదురు లేకుండా నొక్కడం చేయి పట్టి నేర్పాలి. అదే చేయి ఇసుక మీద, కోతల కాలంలో రోడ్డున ఆరబోసిన వడ్ల మీద, రొయ్యల లోడు లారీలు కార్చిన నీటి మీద ఎంత తేలిగ్గా ఉండాలో కూడా నేర్పాలి. 60 వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. గ్రౌండులో సున్నం గీతలు గీసి చూపిస్తే ఆ దూరం ఎవరూ మరచిపోరు. ఆగివున్న లారీ క్యాబిన్‌లో పిల్లలను కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డ స్నేహితుడు ఎక్కడ మాయమవుతాడో చూడమనాలి. రాత్రి వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఎంత దగ్గరికొచ్చేదాకా కనపడదో చూపించాలి. రాంగ్ రూట్‌లో పోతే మిగిలే పెట్రోలు ఎంతో వాళ్ల చేతనే లెక్క కట్టించాలి.

ఒక్క జాగ్రత్త. శిక్షణ పేరుతో విన్యాసాలు నేర్పితే ధీమా పెరిగి అసలుకే మోసం వస్తుంది. బ్రిటన్‌లో 1990 నుంచి కొత్తగా బండి పట్టేవాళ్లు ప్రాథమిక శిక్షణ పూర్తి చేస్తేనే రోడ్డు ఎక్కాలి. న్యూజిలాండ్ 1987 నుంచి లైసెన్సును మెట్లు మెట్లుగా ఇస్తోంది: మధ్య మెట్టులో ఉన్నవాళ్లు, పూర్తి లైసెన్సున్న పెద్దవాళ్లు తోడు లేకుండా రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా నడపకూడదు, స్నేహితులను ఎక్కించుకోకూడదు. మన దగ్గర అలా చట్టం మార్చడానికి కేంద్రం కదలాలి, దానికి మీరు ఉత్తరం రాయండి. శిక్షణకు మాత్రం మీ మాట చాలు.

గ్రౌండు కాలేజీల్లో ఉంది. ఆదివారం మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను ఒక పూట పంపండి. ఆర్టీసీ డిపోల్లో ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా బస్సు నడిపి రిటైరైన డ్రైవర్లు ఉన్నారు. వాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి గురువులను చేయండి. ఆడపిల్లలను కూడా వదలొద్దు, స్కూటీ వాళ్లకూ ఉంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హడావిడి మొదలయ్యాక ఎవరూ వినరు, కాబట్టి సెకండియర్ మొదటి నెలల్లోనే పెట్టాలి. ముందు కావలి, సింగరాయకొండ, ఒంగోలు వంటి హైవే ఊళ్లలో మొదలుపెట్టండి. మా కాలేజీలో ఆ ఆదివారాల పని నేను జీతం అడగకుండా చూసుకుంటాను. వచ్చే జూన్‌లోపు ఉత్తర్వు ఇవ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్,
కావలి