హైస్కూలు గ్రౌండునైనా మిగలనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లో చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని ఫ్లెక్సీ, పాత సార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, పోయేముందు బడికి ఒక బీరువానో గేటుకు ఆర్చో. మంచిదే, కాదనను. కానీ ఆ టెంటు వేసిన గ్రౌండు మనం చదువుకున్నప్పుడు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది అని వచ్చినవాళ్లలో ఒక్కరైనా అడుగుతున్నారా?

మా మండలంలో ఒక హైస్కూలు ఉంది. మొదట ఒక మూల వాటర్ ట్యాంకు కట్టారు. తర్వాత రోడ్డు వైపు ఒక ఆఫీసు లేచింది, దానికి దారి కావాలని ఇంకొంచెం పోయింది. లాంగ్ జంప్ పిట్‌లో ఇసుక లేదు, తుమ్మ మొక్కలున్నాయి. మండల స్థాయి పోటీలకు ముందురోజు సున్నంతో ట్రాక్ గీస్తే 200 మీటర్ల రౌండుకు కూడా చోటు చాల్లేదు, మలుపు దగ్గర పిల్లలు గోడకు భుజం రాసుకుంటూ పరిగెత్తారు, అందులో చాలామందికి కాళ్లకు బూట్లు కూడా లేవు.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా ఉంది. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఆట సామాన్లకు హైస్కూలుకు ఏడాదికి 25,000 రూపాయల వరకు ఇస్తారు. ఆ బంతులూ నెట్లూ పోతాయన్న భయంతో చాలాచోట్ల బీరువాలోనే ఉంటాయి, ఎందుకంటే వాటిని బయటికి తీసి ఆడించే పీఈటీ సారు ఉండడు, రిటైరయ్యాక ఆ పోస్టు అలాగే ఖాళీగా పడి ఉంటుంది. ఇక పదో తరగతికి వచ్చారా, సాయంత్రం స్పెషల్ క్లాసులతో అదీ బంద్.

బీదపిల్లలకు ఆటలు ఏం కూడు పెడతాయి అనేవాళ్లకు ఒక మాట. జ్యోతి యర్రాజి విశాఖ పోర్టు హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె ఎత్తు చూసి, ఈ అమ్మాయి హర్డిల్స్‌కు పనికొస్తుందని మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులే. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లి, 100 మీటర్ల హర్డిల్స్‌లో అక్కడ పరిగెత్తిన మొదటి భారతీయురాలైంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ 2014లో 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, అవే గురుకులాల అమ్మాయి అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు పోటీలు కలిసిన హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. వీళ్లెవరూ ఉన్నోళ్ల ఇళ్ల పిల్లలు కారు. వాళ్లను చూసి గుర్తించే మనిషి ఒకరు దొరికారు, ఉరకడానికి ఇంత జాగా దొరికింది. ఊళ్లోని మామూలు హైస్కూలు పిల్లలకు ఈ రెండూ లేకుండా చేసి, మన దగ్గర టాలెంట్ లేదనడం అన్యాయం.

అందుకే కలెక్టర్లకూ డీఈవోలకూ నా విన్నపం ఒకటే, ఏ భవనం మంజూరైనా సరే హైస్కూలు గ్రౌండులో స్థలం చూపించడం ఆపండి, ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపండి.

పూర్వ విద్యార్థులకు ఇంకొంచెం గట్టిగా చెప్తున్నాను. అధికారులు బదిలీ అయిపోతారు, ఊరివాళ్లుగా అడిగే హక్కు మనకే ఉంది. ఈసారి సమ్మేళనానికి పోయినప్పుడు గ్రౌండు ఎన్ని ఎకరాలో రికార్డు చూపించమని హెడ్‌మాస్టరు గారిని అడగండి, సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించండి, ఆర్చి కోసం పోగేసిన డబ్బులతో కంచె వేయించండి. ఆఫీసు రూములో 600కు ఇన్ని మార్కులు అని టాపర్ల పేర్లు రాసిన బోర్డు ఉంటుంది కదా, జిల్లాకూ స్టేట్‌కూ ఆడిన పిల్లల పేర్లు కూడా దాని పక్కనే రాయించండి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూలు పూర్వ విద్యార్థి